గెడ్డ (మురుగు కాలువ) నీళ్ళు కలిసే చోట పిల్లల్ని సముద్రంలోకి దింపొచ్చా?

వైజాగ్‌లో బీచ్ పక్కనే ఉంటామండి, పొద్దున్నే పిల్లల్ని తీసుకెళ్తే గెడ్డ వచ్చి కలిసే చోట నీళ్ళు నల్లగా, పైన సబ్బు నురగలాగా, ఇంటికొచ్చి కాళ్ళు రెండుసార్లు కడిగినా ఆ కంపు పోదు. ఎవర్నడిగినా మురుగునీటి ప్లాంటులో శుద్ధి చేశాకే వదుల్తారు కదా అంటారు. మామూలు ప్లాంటులో బీఓడీ (నీళ్ళలో కుళ్ళే మురికి ఎంతుందో చెప్పే కొలత) తగ్గుతుంది గానీ నైట్రోజన్, ఫాస్ఫరస్ చాలావరకు మిగిలే ఉంటాయని, క్లోరిన్ సరిగ్గా పడకపోతే క్రిములు కూడా పోవని చదివాను. స్నానానికి పనికొచ్చే సముద్రపు నీళ్ళలో ఫీకల్ కోలిఫామ్ (మలం కలిసిందని చూపించే బ్యాక్టీరియా) 100 మిల్లీలీటర్లకి 100 దాటకూడదట. మరి ప్రైవేటు ల్యాబులో టెస్ట్ చేయించాలంటే శాంపిల్ ఎలా పట్టాలి, ఐసులో పెట్టి ఎన్ని గంటల్లోపు ఇవ్వాలి, పోటు టైములో తియ్యాలా ఆటు టైములోనా, వాన పడ్డ మర్నాడు తీస్తే లెక్క మారిపోతుందా? చేయించినవాళ్ళుంటే చెప్పండి ప్లీజ్, మా చిన్నోడికి ఇప్పటికే మోకాళ్ళ దాకా దద్దుర్లు.