పెళ్లికొడుకు నచ్చాడా అని నాయికను అడిగే చారిత్రక నవల ఉందా?

మాది హన్మకొండ. కంటి ఆపరేషన్ తర్వాత అమ్మ చదవలేకపోతోంది కాబట్టి రోజూ రాత్రి నేనే నవల చదివి వినిపిస్తున్నాను. కాకతీయుల కాలం కథలంటే ఆమెకు ప్రాణం. మొన్న రుద్రమదేవికి నిడదవోలు చాళుక్య వీరభద్రుడితో పెళ్లి కుదిరే ఘట్టం దగ్గర నన్ను ఆపి, "ఆ అబ్బాయి నచ్చాడా అని ఆమెను ఎవరైనా అడిగారా?" అంది. పదహారేళ్లకే పెళ్లయిన మనిషి ఆ మాట అడిగేసరికి నాకు గొంతు పెగల్లేదు.

అప్పటి నుంచి వెతుకుతున్నాను. నేను చదివిన పాత నవలల్లో నాయిక కత్తి పడుతుంది, రాజ్యమేలుతుంది, ప్రేమ దగ్గరికి వచ్చేసరికి తల వంచుకుంటుంది. స్త్రీ తన కోరికను పలకడం మనకు కొత్త కాదు కదా! పద్దెనిమిదో శతాబ్దంలోనే కవయిత్రి ముద్దుపళని తన 'రాధికా సాంత్వనము' కావ్యంలో రాధ చేత పలికించింది. 1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని తిరిగి అచ్చు వేయిస్తే నిషేధించారు. 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదు.

ఇటీవల స్త్రీలు రాసిన చారిత్రక ప్రేమ నవలలు తెలిస్తే దయచేసి పేర్లు చెప్పండి. పెళ్లికి ఒప్పుకోవడమో కాదనడమో నాయికే తేల్చుకోవాలి. ఆ కాలపు నుడి, నడవడి మాత్రం చెడకూడదు. పదమూడో శతాబ్దపు ఓరుగల్లు స్త్రీ నేటి అమ్మాయిలా మాట్లాడితే అమ్మ ఒప్పుకోదు. వరంగల్‌లో ఎక్కడ దొరుకుతాయో కూడా చెబితే ఈ వారమే వెళ్లి తెచ్చుకుంటాను.