బాల్డర్స్ గేట్ 2 ఈఈ (కంప్యూటర్ గేమ్, ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్): మోడ్లు (గేమ్‌ను మార్చే అదనపు ఫైళ్ళు) వేసినాక డైలాగుల బదులు "ఇన్‌వాలిడ్" అని వస్తాంది, ఏ వరసలో వేయాల?

తుంగభద్ర_కర్నూలు:
విండోస్ 11 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. గేమ్ వర్షన్ 2.6. కావాల్సిన మోడ్లు నాలుగే: అసెన్షన్ (చివరి పోరాటాన్ని మార్చేది), ఎస్‌సీఎస్ (శత్రువులకు తెలివి పెంచేది), ట్వీక్స్ ఆంథాలజీ (చిన్న చిన్న మార్పుల మూట), ఇంకా ఒక ఎన్‌పీసీ మోడ్ (పార్టీలో చేరే కొత్త మనిషిని తెచ్చేది). ముందు ఎస్‌సీఎస్ వేసినా, తర్వాత ట్వీక్స్, దాని మీద ఎన్‌పీసీ. మధ్యలో స్టోర్ యాప్ గేమ్‌ను దానంతట అదే అప్‌డేట్ చేసేసింది. ఇప్పుడు కొందరితో మాట్లాడితే డైలాగు ఉండాల్సిన చోట "ఇన్‌వాలిడ్" అని, పక్కన ఒక నంబరు. కొత్త ఎన్‌పీసీ ఉండాల్సిన చోట మనిషే లేడు. అసెన్షన్ సెటప్ నొక్కితే చిటిన్.కీ (గేమ్ ఫోల్డర్‌లో ఉండే ఒక ఫైలు) దొరకలేదంటాది. ఉన్నదాన్నే బాగు చేయొచ్చునా అన్నా? సేవ్ చానా దూరం వచ్చింది.

గండికోట_గేట్:
బాగు చేయాలని చూడొద్దు తమ్ముడూ, మొదటి నుంచే వేసుకో. ఏంటికంటే, గేమ్‌లోని మాటలన్నీ డైలాగ్.టీఎల్‌కే అనే ఒక్క ఫైల్లో నంబర్ల వరసన ఉంటాయి. వైడూ (మోడ్లను గేమ్‌లోకి ఎక్కించే ప్రోగ్రామ్) మోడ్ వేసేటప్పుడు కొత్త మాటలను దాని చివర చేర్చి, ఆ నంబర్లను ఓవర్‌రైడ్ ఫోల్డర్‌లోని (మోడ్లు మార్చిన ఫైళ్ళు ఉండేది) ఫైళ్ళలో రాస్తుంది. అప్‌డేట్ వచ్చి టీఎల్‌కేను పాతదానితో మార్చేసింది, ఓవర్‌రైడ్ మాత్రం అట్లే ఉంది. నంబరు ఉంది, మాట లేదు. అదే నీ "ఇన్‌వాలిడ్".

ఎన్‌పీసీ సంగతి వేరే. ఒకసారి అడుగు పెట్టిన ఏరియా సేవ్ ఫైల్లోకి పోతుంది. ఆ తర్వాత మోడ్ వేసినా గేమ్ చదివేది సేవ్‌లోని పాత ఏరియానే, కొత్త మనిషి అందులో ఉండడు. అందుకే మోడ్లు వేసినాక కొత్త గేమ్ మొదలుపెట్టాల్సిందే. ఆ సేవ్ మీద ఆశ వదిలేయి.

చేయాల్సింది ఇది. గేమ్ తీసేసి, ఫోల్డర్‌లో మిగిలినవి కూడా చేత్తో డిలీట్ చెయ్. అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఓవర్‌రైడ్, వైడూ.లాగ్ అట్లే పడుంటాయి, చానామంది ఇక్కడే మోసపోతారు. మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి, మోడ్లు లేకుండా ఒకసారి ఓపెన్ చేసి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని డీ డ్రైవులోకి కాపీ చేసుకో. మోడ్లు వేయాల్సింది ఆ కాపీలోనే. స్టోర్ యాప్ అప్‌డేట్ చేసినా దాని జోలికి రాదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మాత్రం పెట్టొద్దు, అక్కడ రాయడానికి విండోస్ పర్మిషన్ అడ్డం పడుతుంది.

చిటిన్.కీ గొడవకు కారణం జిప్‌ను తప్పు చోట విప్పడం. సెటప్ ఫైలు, మోడ్ ఫోల్డరు రెండూ చిటిన్.కీ పక్కనే ఉండాల. విండోస్ "ఎక్స్‌ట్రాక్ట్ ఆల్" కొడితే జిప్ పేరుతో ఇంకో ఫోల్డర్ చేసి దాని లోపల పెడుతుంది. లోపలివి బయటికి లాగు. ఓవర్‌రైడ్‌లో మాత్రం నీ చేత్తో ఏదీ వేయొద్దు.

వరస: అసెన్షన్, ఎన్‌పీసీ, ఎస్‌సీఎస్, చివర ట్వీక్స్. అసెన్షన్ ముందే ఉందా అని చూసి, చివరి పోరాటానికి తగ్గ డైలాగులు చేర్చే ఎన్‌పీసీ మోడ్లు ఉన్నాయి, అందుకే దాన్ని ముందు పెట్టమంటాండా. ఎస్‌సీఎస్ తను వేసే నిమిషానికి గేమ్‌లో ఎవరెవరున్నారో చూసి వాళ్ళకు తెలివి నేర్పుతుంది, తర్వాత వచ్చినోళ్ళు తెలివిలేకుండానే ఉంటారు. ట్వీక్స్‌దీ అదే లెక్క. బాణాలు, రత్నాలు ఒకే గడిలో ఎక్కువ పట్టేలా మార్చేది అప్పటికి ఉన్న ఐటమ్స్‌కే పని చేస్తుంది.

అనంత_ఇన్ఫినిటీ:
పైన చెప్పిందంతా నిజమే. ఒకటి రెండు చేరుస్తా.

మొదటి సెటప్ నల్ల కిటికీలో గేమ్ ఏ భాషలో ఆడతావని అడుగుతుంది. నువ్వు ఇచ్చిన జవాబు వైడూ.కాన్ఫ్‌లో ఉండిపోతుంది, ఆ తర్వాత ఏ మోడూ అడగదు. ఇంగ్లీష్‌లో ఆడుతూ అక్కడ వేరే భాష నొక్కితే మాటలన్నీ ఆ భాష టీఎల్‌కేలోకి పోతాయి, మళ్ళీ "ఇన్‌వాలిడ్" కథే. పొరపాటయితే మోడ్లన్నీ తీసి, ఆ ఫైలు డిలీట్ చేసి, మళ్ళీ మొదలుపెట్టాల.

గిట్‌హబ్‌లో (మోడ్లు దొరికే సైటు) పచ్చ బటన్ నొక్కి దించొద్దప్పా. ఆ జిప్‌లో ఫోల్డర్ పేరు చివర "మాస్టర్" అనో "మెయిన్" అనో ఉంటుంది, సెటప్ ఫైలు చానాసార్లు ఉండదు. రిలీజెస్ పేజీలోది దించుకో.

ఎస్‌సీఎస్ వేసే ముందు డిఫెండర్‌లో (విండోస్ యాంటీవైరస్) గేమ్ ఫోల్డర్‌ను ఎక్స్‌క్లూజన్‌లో, అంటే తనిఖీ చేయొద్దనే జాబితాలో, పెట్టు. అది వేల చిన్న ఫైళ్ళు రాస్తుంది. డిఫెండర్ ఒక్కొక్కదాన్నీ తడిమి చూస్తే అరగంట పని ఇంకా సాగుతుంది. నల్ల కిటికీ కదలలేదని మూసేయొద్దు. ఉగ్గాని బజ్జీ తిని వచ్చినా అది అట్లే ఉండొచ్చు. ల్యాప్‌టాప్ ఛార్జర్‌లో పెట్టి, స్లీప్ ఆఫ్ చేసుకో. మధ్యలో కరెంటు పోయి ఆగిపోతే సగం మోడ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయడం కన్నా క్లీన్ కాపీ మీద మళ్ళీ వేయడమే మేలు.

ప్రతి మోడ్ చివర ఏం రాసిందో చదువు. "సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్" అయితే సరే. "వార్నింగ్స్" అంటే మోడ్ పేరుతో ఉండే డీబగ్ ఫైల్లో ఏ ఫైలు గురించో చూడు, చానా వరకు పెద్ద నష్టం ఉండదు. "ఎర్రర్స్" అంటే ఆ భాగం పడలేదు. అక్కడే ఆగు, మీద ఇంకొకటి వేయొద్దు.

తుంగభద్ర_కర్నూలు:
అర్థమయింది అన్నా. తర్వాత ఎన్‌పీసీ నచ్చకపోతే అదొక్కటే తీసేయొచ్చునా? ఇంకోటి, బాల్డర్స్ గేట్ 1 కూడా కలిపి ఆడాలంటే?

గండికోట_గేట్:
ఒక్కటే తీయడం వైడూకు చేతగాదు. బేతంచర్ల బండలు పేర్చినట్టు అనుకో, కింది బండ కావాలంటే మీదవన్నీ దించాల్సిందే. ఎన్‌పీసీ తీయమంటే ముందు ట్వీక్స్, ఎస్‌సీఎస్ తీసి, దాన్ని తీసి, ఆ రెండూ మళ్ళీ వేస్తుంది. ఎస్‌సీఎస్ సమయం మళ్ళీ మొత్తం పడుతుంది. దానికన్నా ఆ మనిషిని పార్టీలో చేర్చుకోకుంటే సరిపోలా?

ఏం వేసినావో వైడూ.లాగ్‌లో ఉంటుంది, పై నుంచి కిందికి వేసిన వరసే. ఒక లైను ఇట్లుంటుంది:

~అసెన్షన్/అసెన్షన్.టీపీ2~ #0 #10 // భాగం పేరు

మొదటి నంబరు భాష, రెండోది మోడ్‌లోని భాగం. ఈసారి ఏదన్నా చెడితే ఆ లాగ్ మొత్తం ఇక్కడ పెట్టు, మాటల్లో చెప్పే దానికన్నా అదే తొందరగా తేలుతుంది. లాగ్‌ను చేత్తో మాత్రం దిద్దొద్దు, వైడూ ఏది తీయాలో దాన్ని చూసే తెలుసుకుంటుంది.

అనంత_ఇన్ఫినిటీ:
రెండూ కలపడానికి ఈఈటీ అనే మోడ్ ఉంది. బాల్డర్స్ గేట్ 1 ఈఈ కూడా నీ దగ్గర ఉండాల, ఈఈటీని మాత్రం 2 ఫోల్డర్‌లో వేయాల. సీజ్ ఆఫ్ డ్రాగన్‌స్పియర్ (బాల్డర్స్ గేట్ 1కి అదనపు భాగం) జిప్ రూపంలో వచ్చి ఉంటే వైడూ దాని లోపల చూడలేదు, ముందు 1 ఫోల్డర్‌లో డీఎల్‌సీ మెర్జర్ అనే మోడ్ నడపాల. అన్ని మోడ్లూ అయినాక చిట్టచివర ఈఈటీతో వచ్చే ఈఈటీ_ఎండ్ వేయాల.

అంత పెద్ద లిస్టయితే ప్రాజెక్ట్ ఇన్ఫినిటీ అనే ప్రోగ్రామ్ వాడు, వరస అది చూసుకుంటుంది. నాలుగు మోడ్లకు చేత్తో వేయడమే సులువు.