అరిజోనాలోని జెరోమ్: జారే కొండమీది పాత గోడల్ని ఎలా నిలబెడతారు?

అందరికీ నమస్కారం. మేం ఫీనిక్స్‌లో ఉంటాం. పోయిన నెల జెరోమ్ వెళ్లొచ్చినప్పటి నుంచి ఆ ఊరు నా మనసులోంచి పోవడం లేదు.

క్లియోపాత్రా కొండ వాలున కట్టిన రాగి గనుల ఊరది. 1920ల్లో వేలమంది ఉండేవారు. 1953లో గని మూతపడ్డాక కొన్నేళ్లకు వందమంది కూడా మిగల్లేదు. అయినా గని ఆగిన ఏడాదే జెరోమ్ హిస్టారికల్ సొసైటీ పెట్టుకుని, ఉన్న కట్టడాల్ని కాపాడుకున్నారు. 1960ల్లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపూ వచ్చింది. ఆ కొద్దిమంది పట్టుదలకు దణ్ణం పెట్టాలనిపించింది.

మా తాతయ్య కోలార్ బంగారు గనిలో పనిచేశారు. 2001లో అది మూతపడ్డాక అక్కడి ఇళ్లు పాడుబడటం చూశాను. అందుకే అడుగుతున్నా.

గని పేలుళ్లకు నేల కదిలి, జెరోమ్ పాత జైలు 200 అడుగులకు పైగా కిందికి జారిపోయింది! అలాంటి వాలులో, పైకప్పు కూడా లేని ఇటుక గోడల్ని పడిపోకుండా ఎలా ఆపుతారు? పునాదికి ఏం చేస్తారు? సివిల్ ఇంజనీర్లు, పాత కట్టడాల మరమ్మతు తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. శిథిలాన్ని శిథిలంగానే ఉంచడం మేలా, తిరిగి కట్టడం మేలా? ఉన్నది ఉన్నట్టు ఉంచాలనే నాకనిపిస్తుంది, కానీ వానలకు తట్టుకుంటుందా?

ఇంకొకటి. అక్కడ పనిచేసిన మెక్సికన్, ఇటాలియన్ కార్మిక కుటుంబాల జ్ఞాపకాలు ఎవరైనా చదివి ఉంటే, ఎక్కడ దొరుకుతాయో చెప్పగలరా? మళ్లీ వెళ్లేలోపు చదవాలనుంది.