పని ఎక్కువై కుంగిపోతామా, పని మన చేతిలో లేక కుంగిపోతామా?

ప్రశ్న:
కస్టమర్ కేర్‌లో నాలుగేళ్లుగా చేస్తున్నాను. కాల్స్ ఎన్ని వచ్చినా భయపడింది లేదు, పనిలో పడితే టైమే తెలిసేది కాదు. ఆరు నెలల కిందట కొత్త పద్ధతి పెట్టారు. ఏ మాట తర్వాత ఏ మాట అనాలో స్క్రీన్ మీద వస్తుంది, అవతలి మనిషి ఏడుస్తున్నా సరే అదే చదవాలి. రేపు ఏ షిఫ్టో రాత్రి తొమ్మిదింటికి గానీ తెలీదు. ఇప్పుడు రోజూ ఆఫీసు కింద బండి ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా పది నిమిషాలు అలాగే కూర్చుండిపోతున్నాను, పైకి వెళ్లడానికి కాళ్లు రావు. ఇంట్లో అడిగితే "పని అందరికీ ఉంటుంది, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావ్" అంటారు. ఉద్యోగం వల్ల నిజంగా డిప్రెషన్ వస్తుందా, లేక లోపం నాలోనే ఉందా?

జవాబు 1:
లోపం మీది కాదండీ. కాల్స్ పెరిగాయని మీరు ఎక్కడా రాయలేదు చూడండి, మీ చేతిలోంచి పోయింది మాట్లాడే తీరు, మీ టైమ్. పని ఒత్తిడి మీద పరిశోధన చేసిన రాబర్ట్ కరాసెక్ 1979లోనే ఈ మాట చెప్పాడు: ఒత్తిడి ఎక్కువగా ఉండి, పని ఎలా చెయ్యాలో తేల్చుకునే వీలు లేకపోతే మనిషి బాగా నలిగిపోతాడు. పక్కవాళ్ల తోడు కూడా లేకపోతే ఇంకా కష్టమని తర్వాతి పరిశోధకులు కలిపారు. అలాగని గంటలు లెక్కలోకి రావని కాదు. లండన్‌లో ప్రభుత్వోద్యోగులను 1985 నుంచి ఏళ్ల తరబడి గమనించిన వైట్‌హాల్ 2 పరిశోధనలో, రోజుకు 11 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు తీవ్రమైన డిప్రెషన్ వచ్చే అవకాశం 7, 8 గంటలు చేసేవాళ్లకంటే రెండు రెట్లు పైనే కనిపించింది.

జవాబు 2:
అంతా ఉద్యోగం మీదికే తోసేయకండి. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు మామూలు పని కూడా కొండలా కనిపిస్తుంది, నాకు అలాగే అయింది, ఉద్యోగం మారినా తగ్గలేదు, చివరికి మందులు వాడాకే తేరుకున్నాను.

జవాబు 1:
మీరన్నది నిజమే. అందుకే పైన చెప్పిన లెక్కలో, మొదట్లో డిప్రెషన్ లేనివాళ్లనే తీసుకుని కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూశారు.

జవాబు 3:
నేను టీమ్ లీడర్‌గా చేశాను కాబట్టి చెప్తున్నా, వారం ముందే షిఫ్టులు చెప్పడం మొదలుపెట్టాక మా వాళ్ల మొహాలే మారాయి. అదేమీ పెద్ద ఖర్చు కాదు. డిప్రెషన్, ఆందోళనల వల్ల ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది, అయినా కంపెనీలు ధ్యానం క్లాసులు పెట్టి చేతులు దులుపుకుంటాయి. రోస్టర్, అంటే షిఫ్టుల పట్టిక, మార్చమని మీరు ఒక్కరే అడగొద్దు, నలుగురు కలిసి రాసివ్వండి. ఇంకో మాట, రెండు వారాలకు పైగా రోజూ దిగులుగా ఉండి, నిద్ర, ఆకలి చెడి, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం రేపటిదాకా ఆగకండి, ఆ క్షణమే ఎవరికైనా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
అలాంటి ఆలోచనలు లేవండి. నిద్ర మాత్రం నెలగా లేదు. శనివారానికి డాక్టర్ దగ్గర టైమ్ తీసుకున్నాను. రోస్టర్ సంగతి పక్క సీటు ఆమెకు చెప్తే, తనూ రోజూ కింద బండి మీద కూర్చుంటోందట.