పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎప్పుడూ ఆడవాళ్లకేనా?

గుంటూరు అక్క:
పోయిన నెల మా చెల్లికి రెండో కాన్పు. సిజేరియన్. థియేటర్ బయట బెంచీ మీద కూర్చునే దాని అత్తగారూ మా మరిదీ తేల్చేశారు: "ఎలాగూ పొట్ట కోస్తున్నారు, పన్లో పని ఆ ఆపరేషనూ చేసేయండి." నర్సు కాగితం తెచ్చి మరిది చేత సంతకం పెట్టించుకుంది. నిజానికి ప్రభుత్వ నిబంధనల ప్రకారం భర్త సంతకం అక్కర్లేదు, కావలసింది ఆమె ఒప్పుకోలు. తర్వాత చెల్లిని అడిగితే, "మత్తుసూది ఇచ్చేముందు అడిగారక్కా, ఏమనాలో తోచక ఊఁ అన్నా" అంది. దానికి 24 ఏళ్లు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15–49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో వందకి 38 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మన ఆంధ్రాలో దాదాపు 70 మంది. భర్త చేయించుకున్నది? దేశం మొత్తమ్మీద వెయ్యికి ముగ్గురు! మగవాళ్లకైతే కుట్లు కూడా పడవు, అదే రోజు ఇంటికొచ్చేయొచ్చు. 2022లో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే క్యాంపులో 34 మంది ఆడవాళ్లకి చేస్తే నలుగురు చనిపోయారు. ఆ నలుగురి ఇళ్లలో పసిపిల్లలున్నారు.

పల్నాడు రైతు:
అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ మేం బస్తాలు మోసేవాళ్లం. నీరసం వస్తే ఇల్లెలా గడవాలి? పైగా ఇందిరాగాంధీ పెట్టిన ఎమర్జెన్సీలో మగవాళ్లని పట్టుకెళ్లి చేశారని మా పెద్దాళ్లు చెప్పగా విన్నాం. ఆ భయం ఊరికే పోదు.

ఏఎన్‌ఎమ్ (ఊళ్లో ప్రభుత్వ నర్సమ్మ), పదహారేళ్ల సర్వీసు:
తమ్ముడూ, ఓ వారం బరువులెత్తకుండా ఉంటే చాలు, తర్వాత మామూలే. మగతనానికీ దానికీ సంబంధం లేదు. ఎమర్జెన్సీ మాట మాత్రం నిజం. 1976–77లో 60 లక్షలకు పైగా వేసెక్టమీలు, అంటే మగవాళ్లకి చేసే ఆపరేషన్లు, జరిగాయి, చాలాచోట్ల బలవంతంగానే.

అయితే అక్కా, నా దగ్గరికొచ్చే ఆడవాళ్లే "ఆయనకొద్దు, నాకే చేయించండి" అంటారు. ఎందుకో తెలుసా? వేసెక్టమీ అయ్యాక మూడు నెలలు కండోమ్ వాడి, పరీక్షలో వీర్యకణాలు లేవని తేలాకే నిశ్చింత. ఈ సంగతి చెప్పరు, చెప్పినా వినరు. ఈలోగా నెల తప్పితే ఊరంతా వేలెత్తేది ఆమె వైపే. మా ఏరియాలో ఒకమ్మాయి ఆ మాటలు పడలేక పుట్టింటికెళ్లిపోయింది.

గుంటూరు అక్క:
ఇది నాకు తట్టలేదమ్మా. అంటే నింద పడుతుందన్న భయంతో కోత కూడా తనే భరిస్తోంది. దాన్ని "ఆడవాళ్ల ఇష్టం" అని రాసుకుంటే నేనొప్పుకోను. ఏడో నెల చెకప్‌కే భర్తనీ కూర్చోబెట్టి రెండు ఆపరేషన్ల గురించీ చెప్పాలి. థియేటర్ గుమ్మంలో కాదు.

చెల్లి విషయం అయిపోయింది. మా మరదలికిప్పుడు ఏడో నెల. సోమవారం చెకప్‌కి తమ్ముడే తీసుకెళ్తున్నాడు. మీరు చెప్పిన మూడు నెలల సంగతి కాగితం మీద రాసి వాడి జేబులో పెట్టా.