పాత బుల్లెట్ ఆయిల్ లీక్: రాగి వాషర్ కాల్చి వాడుడా, డౌటీ వేసుడా?

కాజీపేట_350: క్యాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్. రాకర్లకు (హెడ్డుల వాల్వులను నొక్కే చేతులకు) ఆయిల్ పోయే పైపు బాంజో (పైపు కొసకుండే రింగు) బోల్టుల కాడ, కింద డ్రెయిన్ బోల్టు కాడ చెమట పట్టినట్టు ఆయిల్. పాత రాగి వాషర్లు కాల్చి వెయ్యాల్నా, అన్నిటికీ డౌటీలు (లోపల రబ్బరు అంచున్న ఉక్కు వాషర్లు) పెట్టాల్నా?

రాగిబిళ్ల: రాగే. ఒకసారి నలిగిన రాగి గట్టిపడ్తది. మళ్ల బిగిస్తే అది నలగదు, మెత్తటి అల్యూమినియం క్రాంక్‌కేసునే (ఇంజన్ కింది పెట్టెనే) కోస్తది. పట్టకారుతోని పట్టి, నీడల మసక ఎరుపు కనవడేదాంక గ్యాస్ మంట మీద కాల్చి నీళ్లల్ల ముంచుర్రి. ఇనుము లెక్క గట్టిపడదు, పైన నల్లపొర ఊడుతది. బండ మీద వేసి వినుర్రి: టింగుమంటే ఇంకా గట్టిదే, టప్పుమంటే మెత్తవడ్డట్టు. అద్దం మీద 400 నంబరు ఎమ్రీ పేపరు పరిచి, నొక్కుడు గీత పోయేదాంక రెండు దిక్కుల రుద్దాలె. మడత పెట్టిన బోలు వాషరైతే పారెయ్యుడే.

హన్మకొండ_ఫిట్టర్: అన్నా, డ్రెయిన్ బోల్టు ఊకూకె విప్పేది. అక్కడ ప్రతిసారి రాగిని నలగ్గొట్టుడెందుకు? డౌటీల ఉక్కు రింగు ఒత్తిడి మోస్తది, లోపలి రబ్బరు అంచు ఆయిల్‌ను ఆపుతది, తక్కువ బిగింపు సాలు. ట్రాక్టర్, జేసీబీ హైడ్రాలిక్ పైపుల షాపులల్ల దొరుకుతయి. సైజు మాత్రం మరతోని చూసి తేవాలె: పావు ఇంచు బీఎస్పీ (ఇంచుల లెక్క పైపు మర) బయటి అడ్డం 13.16 మి.మీ., ఎం14 (మి.మీ. లెక్క మర) అంటే 14. ఒకదాని వాషర్ ఇంకోదానికి వేస్తే పక్కకు జరిగి రబ్బరు తెగుతది.

రాగిబిళ్ల: డ్రెయిన్ దాంక ఒప్పుకుంట తమ్మీ. రాకర్ బాంజోకు మాత్రం వద్దు. ఆ బాంజో ముఖం సన్నగుంటది, డౌటీ రింగు పూర్తిగ కూసోదు. పైన హెడ్డు వేడి వేరే. మామూలు నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీలు దాటినంక ఎక్కువ రోజులు ఆగదు. బాంజోకు రెండు వాషర్లు, తల కింద ఒకటి, బాంజో వెనుక ఒకటి. చాలామంది పైదొక్కటే మారుస్తరు. ఇంకా కారుతదని పానా మీద బలం పెడ్తరు. ఆ బోల్టు బోలుది, అడ్డ రంధ్రం కాడ పుటుక్కున ఇరుగుతది. పైపు వంకరుంటే ఏ వాషరూ పట్టది. ముందు అన్ని బోల్టులు చేతితోనే తిరగాలె, తర్వాతనే పానా.

జనగామ_రాజ్‌దూత్: ఎర్ర ఫైబర్ వాషర్?

హన్మకొండ_ఫిట్టర్: పెట్రోల్ పైపు కాడ సరే, విప్పినప్పుడల్లా కొత్తది. వేడి ఆయిల్ కాడ ఎండి పగుల్తది.
కాజీపేట అన్నా, వాషర్లు కొనకముందు ఇంజన్ కిరోసిన్‌తోని కడిగి, ఆరినంక బోల్టుల చుట్టు ముఖం పౌడర్ చల్లి 10 నిమిషాలు నడిపించు. ముందుగాల తడిసేది ఏ జాగనో చూడు. రాకర్ కవర్ గాస్కెట్ కాడ కారే ఆయిల్ పైపు వెంట జారి కింది బోల్టుకే వేలాడుతది.