అప్‌డేట్: కొత్తవాడ వదిలి వెళ్లనా అని అడిగింది నేనే

ఆరు నెలల కిందట మిమ్మల్ని ఒక మాట అడిగాను. వరంగల్ కొత్తవాడలో ఒంటిగది ఇల్లు, అందులో సగం నాన్న మగ్గానిదే. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, అమ్మానాన్నలను వదిలి వెళ్లనా అని. ఎక్కువమంది వెళ్లమన్నారు. వెళ్లాను.

ఏడో తరగతి నుంచి నా కల అదే. వాన పడితే మోరీ నీళ్లు గడప దాటేవి. అమ్మ మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, ముందు నూలు కండెలను పైకెక్కించేది, ఆ తర్వాతే మా పుస్తకాలను. అప్పుడు ఒళ్లు మండేది. ఆ నూలు తడిస్తే వారం కూలి పోతుందని ఇప్పుడు అర్థమవుతోంది.

ఇక్కడ హాస్టల్ గదిలో నలుగురం. మా ఇంటికన్నా ఇరుకు, నవ్వకండి!

నాన్న రానన్నారు. 2018లో వరంగల్ దర్రీలకు, అంటే నాన్న నేసే జంపఖానాలకు, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, ఆయన కూలికి మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు. మొదటి జీతంలో పదివేలు పంపి, ఇల్లు మారండి అన్నాను. ఆయన మగ్గం పైనున్న కప్పు రేకులు మార్పించారు. ఫోనులో గట్టిగా కోప్పడ్డాను, అది తప్పే.

పోయిన నెల ఊరెళ్తే ఒక జంపఖానా చుట్టి చేతిలో పెట్టారు. ఎరుపు మీద నీలం చారలు, ఒక అంచు కాస్త వంకర. “చూపు ఆనడం లేదురా” అన్నారు. వచ్చే శనివారం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను.